మళ్ళీ స్టీరింగ్ పట్టే ముందు

కవరైపేట్టై పక్కగా పోయే రహదారికి 16 అని నంబరు మారి చాలా ఏళ్ళయింది. పాత డ్రైవర్లు మాత్రం దాన్ని ఇంకా ‘ఎన్‌హెచ్ 5’ అనే అంటారు. గుమ్మిడిపూండి, ఆరంబాక్కం దాటితే తడ, అక్కడి నుంచి ఆంధ్ర. తెలుగూ తమిళమూ కలగలిపి మాట్లాడే ఈ సరిహద్దు ఊళ్ళలో లారీ దిగి అంగడి పెట్టుకున్నవాళ్ళున్నారు, ఫ్యాక్టరీ షిఫ్టుల్లో చేరినవాళ్ళున్నారు. అంగడి నడవకపోతేనో, పిల్లల ఫీజులు పెరిగితేనో చూపు మళ్ళీ లారీ మీదికి పోతుంది. “ఏం మామా, మళ్ళీ స్టీరింగేనా?” అని ఎవరైనా అడిగితే వచ్చే జవాబు ఒకటే: “నాకు రాని పనా?”

నిజమే, వచ్చిన పనే. క్లచ్ తొక్కిన కాలు, గేరు వేసిన చెయ్యి ఈత నేర్చినవాడి ఒంటిలాంటివి, ఏళ్ళు గడిచినా మరచిపోవు. చిక్కంతా అక్కడే ఉంది. చెయ్యి త్వరగా కుదురుకోవడంతో మిగతావన్నీ కుదిరాయనుకుంటాం. కన్ను, నిద్ర, రూలు, కొత్త బండి సంగతి మాత్రం ఎవరూ చూడరు. అనుభవం తక్కువైనవాడి కంటే అనుభవం పాతబడినవాడికే ధీమా ఎక్కువ. నా మటుకు నాకు అదే ఎక్కువ భయం.

ఈ సంగతి చట్టానికి తెలిసినట్టుంది. లైసెన్సు గడువు తీరి అయిదేళ్ళు దాటితే మళ్ళీ టెస్టు పెట్టవచ్చని మోటారు వాహనాల చట్టంలో ఇదివరకు ఉండేది. 2019 సవరణ ఆ అయిదేళ్ళను ఒక్క ఏడాదికి కుదించింది. ఏడాది దాటితే టెస్టు పాసు కావలసిందే. అదే సవరణ రవాణా లైసెన్సు గడువును మాత్రం మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెంచింది. ప్రమాదకరమైన సరుకు మోసే బండ్లకు మూడేళ్ళే.

అంటే, ఒకప్పుడు కోల్‌కతా దాకా లోడు తీసుకుపోయిన మనిషి ఇరవై నిండిన కుర్రాళ్ళతో కలిసి ఆర్టీఓ ఆఫీసు వరుసలో నిలబడాలి. తల కొట్టేసినట్టుంటుంది. కానీ ఆ టెస్టు మీ పాత రోజులను కొట్టిపారేయడం లేదు, ఈ రోజు మీరు ఎలా నడుపుతారో చూస్తోంది. ఈ తేడా గ్రహించినవాడికి ఆ వరుస అవమానం కాదు. గ్రహించనివాడు దళారీకి డబ్బిచ్చి పని కానిస్తాడు. అలా వచ్చిన కాగితం చెక్‌పోస్టు దాటిస్తుందేమో, మలుపు దాటించదు.

మీరు లేని కాలంలో దారి కూడా మారింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక అమ్మకపు పన్ను చెక్‌పోస్టుల ముందు పడిగాపులు పోయాయి. 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లు వచ్చింది. ఇప్పుడు మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున దానికి గడువు. 2021 ఫిబ్రవరి నుంచి టోల్‌గేటులో ఫాస్టాగ్ తప్పనిసరి. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే బీఎస్-6 లారీల్లో చాలావాటికి డీజిలుతో పాటు యాడ్‌బ్లూ అనే ద్రవమూ పోయాలి. అది అయిపోతే ఇంజిన్ ఊపు తగ్గిపోతుంది. పాత మెకానిక్ తెలివితో తీగలు పీకితే బండి బాగుపడదు.

ఇవన్నీ మీకంటే చిన్నవాడికి తెలుసు. “తమ్ముడూ, ఈ లైటు ఎందుకు వెలుగుతోంది?” అని అడగగలరా? వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాలు ఆత్మవిశ్వాసం గురించి బోలెడు చెబుతాయి, అడగడం గురించి తక్కువ. తిరిగి వచ్చినవాడికి కావలసింది ఈ రెండోదే. కొన్నాళ్ళు రెండో డ్రైవరుగా వెళ్ళండి. బత్తా తగ్గుతుంది, తగ్గనివ్వండి.

ఇక ఒళ్ళు. నలభై దాటాక దగ్గరి చూపు మందగిస్తుంది, రాత్రి ఎదురు లైట్ల వెలుగు నుంచి కన్ను తేరుకోవడానికీ ఎక్కువసేపు పడుతుంది. రవాణా లైసెన్సుకు డాక్టరు సర్టిఫికెట్ అడిగేది ఇందుకే. దాన్ని సంతకం కోసం కాకుండా నిజంగా పరీక్ష కోసం వాడుకోండి. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు దాకా నిద్ర ఎవరినీ వదలదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు కన్ను మూతపడితే ముందున్న ట్రెయిలర్ మీదే తేలతారు.

తిరిగి వచ్చినవాడి అసలు బలహీనత మరొకటి: పని పోతుందేమోనన్న బెదురు. దాంతో అన్నిటికీ తలూపుతాడు. రాత్రి లోడా, సరే. కొంచెం ఎక్కువ బరువా, సరే. నిద్ర లేకుండా ఇంకో ట్రిప్పా, దానికీ సరే. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అని రాసింది. రోడ్డు మీద ఆ మాట ఎంత నిలుస్తుందో అందరికీ తెలుసు. అయినా ‘ఈ రాత్రి నడపలేను’ అనే మాట పనిలో చేరిన రోజే అనేయాలి. ఆరు నెలలు తలూపాక అంటే ఎవరూ వినరు.

ఓనర్లకూ ఒక మాట. డ్రైవర్లు దొరకడం లేదని మీరే అంటున్నారు. ఏళ్ళ తర్వాత వచ్చినవాడికి తాళం చేతికిచ్చి ఆ రాత్రే విజయవాడ పంపకండి. మొదటి లోడ్లు ఎన్నూరుకో, నాయుడుపేటకో, పగటిపూట ఇవ్వండి. పక్కన బండి తెలిసిన ఒక మనిషిని కూర్చోబెట్టండి.