వంతుల లెక్క – వర్చువల్ యంత్రముల పనితీరు

ఒకే కంప్యూటరును అనేక కంప్యూటర్లవలె పనిచేయించు విధానము క్రొత్తది కాదు. 1972లో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన వి.ఎం./370 ఈ పద్ధతిననే నడచినది. నేడు కొన్ని సర్వర్లను జతపరచి, క్లస్టరు అను పేర నడుపుచు, వాటిపై పదులకొలది వర్చువల్ యంత్రములను నిలుపుచున్నారు. అన్నింటికిని ఒకేసారి పని పడినప్పుడు ప్రాసెసరు కాలము ఎవరికెంత దక్కవలెను? దీనిని నిర్ణయించునవే షేర్లు. వీటినే ఉర్దూలో హిస్సా అనియు, తెలుగులో వంతు అనియు చెప్పుకొనవచ్చును. వంతు అనగా భాగమనియు, ఒకరి తరువాత ఒకరికి వచ్చు పాలి అనియు రెండర్థములు గలవు. ఇచ్చట రెండును సరిపోవును.

చెరువు క్రింది ఆయకట్టును తలచుకొందము. చెరువు నిండుగా ఉన్నన్నాళ్లు ఎవరి పొలమునకు కావలసినంత నీరు వారికి పారును. నీరు తగ్గిననాడే నీరటి వంతులు లెక్కించును. షేర్లును అట్టివే. ప్రాసెసరుకు కొరత లేనప్పుడు తక్కువ షేర్లు గల యంత్రమైనను తనకు కావలసినంత వాడుకొనును. షేర్లు పెంచినంత మాత్రమున ఖాళీగా నున్న సర్వరుపై ఏ పనియు వేగము కాదు.

షేరు పరిమాణము కాదు, నిష్పత్తి మాత్రమే. వి.ఎం.వేర్ వారి వీ-స్ఫియర్ వ్యవస్థలో ఒక వర్చువల్ ప్రాసెసరుకు తక్కువ, సాధారణ, ఎక్కువ అను మూడు స్థాయిలలో వరుసగా 500, 1000, 2000 షేర్లు లభించును. యంత్రముల సమూహమైన రిసోర్సు పూలుకు ఇవి 2000, 4000, 8000. అసలు చిక్కు ఇచ్చటనే కలదు.

ఒక విద్యాసంస్థను ఊహింతము. నాలుగేసి కోరులు గల సర్వర్లు రెండు, కోరు వేగము 3 గిగాహెర్ట్జులు, మొత్తము 24. పరీక్షా ఫలితములకు సంబంధించిన 16 యంత్రములను 8000 షేర్ల పూలులోను, అభ్యాసశాలకు చెందిన 4 యంత్రములను 4000 షేర్ల పూలులోను ఉంచిరి. ప్రతి యంత్రమునకు ఒకే వర్చువల్ ప్రాసెసరు. ఫలితములు వెలువడు దినమున అన్నింటికిని పని మిక్కుటమైనది. మొదటి పూలుకు 16, రెండవదానికి 8 గిగాహెర్ట్జులు దక్కును. కాని మొదటి పూలులో ఒక్కొక్క యంత్రమునకు వచ్చునది 1. రెండవ పూలులో 2! ముఖ్యమని యెంచినవానికే సగము దక్కినది. ఫలితమునకై ఎదురుచూచు విద్యార్థి నష్టపోయెను.

దీనికి చికిత్స తలలు లెక్కించి వంతు వేయుటయే. ఫలితముల యంత్రమునకు రెట్టింపు దక్కవలెనన్నచో 16ను 2 చేతను, 4ను 1 చేతను గుణింపవలెను. అనగా 32కు 4. పూళ్లకు 32000, 4000 షేర్లు ఇచ్చినచో మొదటి పూలులో ఒక్కొక్కదానికి సుమారు 1.33, రెండవ పూలులో 0.67 గిగాహెర్ట్జులు వచ్చును.

మరియొక విషయము. క్లస్టరు ఒకే పెద్ద చెరువు కాదు. ప్రక్కప్రక్కనే ఉన్న వేర్వేరు చెరువులు. ఒక యంత్రము ఒక సమయమున ఒక సర్వరుపైననే నడచును గాని రెండవ సర్వరులోని ఖాళీ కోరులను వాడుకొనజాలదు. కావున పై లెక్క యంత్రములు రెండు సర్వర్లపై సమముగా సర్దుకొన్నప్పుడే నెరవేరును. యంత్రములను ఒకదానినుండి మరొకదానికి తరలించి భారమును సరిచేయు పని డి.ఆర్.ఎస్. అను భాగము చేయును.

షేర్లతోపాటు రిజర్వేషను, లిమిటు అనునవి గలవు. కొరతలోను ఇంత తప్పక దక్కవలెననునది రిజర్వేషను. ప్రాసెసరు ఖాళీగా ఉన్నను ఇంతకు మించరాదనునది లిమిటు. నిజముగా కొరత ఉన్నదా యని తెలుపునది రెడీ టైము, అనగా యంత్రము సిద్ధముగా ఉండియు ప్రాసెసరు దొరకక వేచిన కాలము. ఇది స్వల్పముగా నుండి పని మందగించినచో దోషమును మెమరీలోనో, డిస్కులోనో, ప్రోగ్రాములోనో వెదకవలెను.

షేర్లు ఉన్నదానిని పంచును గాని లేనిదానిని సృష్టింపవు. పంపకము తప్పినచోట క్రొత్త సర్వరు కొనుట ధనవ్యయము. నిజమైన కొరత ఉన్నచోట షేర్లు మార్చుచుండుట కాలవ్యయము. ఏది యేదో లెక్కవేసి చూపగల విద్యార్థులు మన కళాశాలనుండి రావలెనని మా ఆకాంక్ష.