బొమ్మలతో ప్రచారము

సోమల ప్రాంతపు రైతు నేడు తన సరుకును గూర్చి చెప్పుకొనుటకు సంతవరకు పోనక్కరలేదు. చేతనున్న ఫోనుతోనే చిన్న వీడియో చేసి దూరమున నున్న కొనుగోలుదారునకు చూపవచ్చును. దానికి కదలు దృశ్యములే కావలెనని లేదు. నాలుగైదు ఛాయాచిత్రములు, ఒకటి రెండు గీతబొమ్మలు, స్పష్టమైన మాట ఉన్న చాలును. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రముపై బొమ్మ వెంట బొమ్మగా రామాయణ కథ నడచును గదా! ఇదియు నట్టిదే.

అయితే నిశ్చలచిత్రము నిజమును చూపగలదు, దాచనుగలదు. మన ప్రాంతపు పుంగనూరు ఆవునే తీసికొందము. పెరిగిన ఆవు ఎత్తు సుమారు 70 నుండి 90 సెంటీమీటర్లు. అంతరింపనున్న ఈ జాతిని పలమనేరు పశు పరిశోధనా కేంద్రము కాపాడుచు వచ్చినది. పొట్టిదనమే దీని ప్రసిద్ధికి కారణము. కాని ఒంటరిగా నిలుచున్న ఆవు చిత్రమును చూచి ఎత్తు చెప్పగలవా రెవరు? కెమెరాను పైకెత్తి తీసినచో పెద్ద ఆవు పొట్టిగా కన్పట్టును. దూడను చూపి ఎదిగిన ఆవనినను తెలియనివారు నమ్ముదురు.

కావున మొదటి చిత్రమును చదునైన నేలపై, ప్రక్కనుండి, కెమెరాను ఆవు నడుము ఎత్తున పట్టి తీయవలెను. దాని ప్రక్కనే కొలకర్ర నిలుపవలెను. రెండవది ముఖము, కొమ్ములు. మూడవది వయస్సు తెలుపు పండ్లు. నాలుగవది కొట్టము. ఒక్కొక్క చిత్రము చూపరి చదువుకొనునంతసేపు, అనగా నాలుగైదు సెకండ్లు నిలువవలెను. పలుచేతులు మారిన ఫోటో మసకబారును, మూలచిత్రమునే వాడుడు.

క్లిప్ ఆర్ట్ అనబడు సిద్ధపు గీతబొమ్మలు వివరించుటకు మిక్కిలి ఉపయోగపడును. మనిషి, ఆవు, కొలబద్ద గీసిన బొమ్మ ఒకటి ఎత్తును తేటపరచును. కాని సరుకునకు బదులుగా గీతబొమ్మను గాని, పరుల ఫోటోను గాని చూపరాదు.

అంతర్జాలమున కన్పించు బొమ్మలన్నియు అందరివి కావు. 1957 నాటి కాపీరైట్ చట్టము ఫోటోకును, గీతబొమ్మకును రక్షణ నిచ్చుచున్నది. ఉచితమన్నచోట గూడ వ్యాపారమునకు అనుమతి కలదో లేదో చదువవలెను. జాతీయ పతాకమును, ప్రభుత్వ చిహ్నమును అనుమతి లేక వ్యాపారమున వాడుటను 1950 నాటి చట్టము నిషేధించినది. తప్పుదారి పట్టించు ప్రకటనకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును.

జరిమానాకన్న పెద్ద నష్టము మరియొకటి కలదు. వీడియో చూచి బస్సెక్కి వచ్చినవానికి కొట్టములో వేరొక ఆవు కనబడినచో, అతడు మరల రాడు. ఊరిలోని తక్కిన రైతుల మాటను గూడ నమ్మడు. చిత్రమున చూచిన ఆవే ఎదుట నిలిచినచో, మరునాడు అతడే మరి ఇద్దరిని వెంటబెట్టుకొని వచ్చును.