పండుగప్ప పిల్లల కంటే ముందు వాటి మేతకు మేత

1997లో చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ (సీబా) పండుగప్పకు హేచరీలో గుడ్లు పెట్టించాక, పిల్లల కోసం సముద్రం మీదే ఆధారపడే అవసరం తగ్గింది. ఇప్పుడు హేచరీని ఎక్కువగా దెబ్బతీసేది తొలి మూడు వారాల మేత. రొయ్య హేచరీ నడిపినవారికి ఆ మేతలో ఒకటైన ఆర్టీమియా కొత్తేమీ కాదు. కానీ అప్పుడే గుడ్డులోంచి బయటికొచ్చిన ఆర్టీమియాలో డీహెచ్‌ఏ అనే కొవ్వు ఆమ్లం దాదాపు ఉండదు. సముద్రపు చేపపిల్ల దాన్ని తన ఒంట్లో తగినంత తయారు చేసుకోలేదు. అది చాలకపోతే కడుపునిండా తిన్న పిల్లలు కూడా సైజుల వారీగా వేరుచేసేటప్పుడు కుప్పలుగా చనిపోతాయి.

రోటిఫర్లు: పిల్లలకు మూడో రోజు నుంచి సుమారు రెండు వారాలు ఈ సూక్ష్మజీవులే ప్రధాన మేత. నానోక్లోరాప్సిస్ ఆల్గేతో పెంచితే ఈపీఏ అనే మరో కొవ్వు ఆమ్లం వస్తుంది గాని డీహెచ్‌ఏ రాదు. వడకట్టే ముందు కొన్ని గంటలు ఐసోక్రైసిస్ ఆల్గే గాని, డీహెచ్‌ఏ ఉన్న ఎమల్షన్ గాని పట్టించండి.

ఆర్టీమియా: గుడ్డులోంచి బయటికొచ్చిన వెంటనే దాని నోరు తెరుచుకోదు, అప్పుడు ఎమల్షన్ పోస్తే వృథా. సుమారు 8 గంటలకు కుబుసం విడిచాక పోసి, 12 నుంచి 24 గంటలు ఉంచండి. నూనె వల్ల ఆక్సిజన్ త్వరగా పడిపోతుంది, లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా గాలి ఇవ్వండి. ఆ నీటిలో విబ్రియో బ్యాక్టీరియా కూడా పెరుగుతుంది. అందుకే జల్లెడలో శుభ్రమైన ఉప్పునీటితో బాగా కడిగాకే ట్యాంకులో వేయండి.

ఆలస్యం వద్దు: పట్టించిన డీహెచ్‌ఏను ఆర్టీమియా త్వరగా ఈపీఏగా మార్చేసుకుంటుంది. పస్తున్న రోటిఫర్ కూడా గంటల్లోనే చిక్కిపోతుంది. రోజుకు మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా వేయండి. మిగిలిన ఆర్టీమియాను 10 డిగ్రీల లోపు చల్లదనంలో, గాలి ఆడిస్తూ ఉంచండి.

వానల జాగ్రత్త: గోదావరి, కృష్ణా వరద నీరు కలిసి తీరంలో ఉప్పుదనం తగ్గుతుంది, నీరు మడ్డిగా మారుతుంది. ఉప్పుదనం ఒక్కసారిగా మారితే రోటిఫర్లు ఈదడం మానేసి అడుగుకు చేరతాయి. వరదకు ముందే నీరు నిల్వచేసి, కొత్త నీటిని రిఫ్రాక్టోమీటరుతో చూసి కొంచెం కొంచెంగా కలపండి. రోజూ మైక్రోస్కోపులో చూడండి: గుడ్లు మోసే రోటిఫర్లు తగ్గి సీలియేట్లనే సూక్ష్మజీవులు పెరిగితే ఆ ట్యాంకు కూలిపోబోతోందని అర్థం. దాన్ని ఖాళీచేసి కడిగి, వేరే గదిలో విడిగా కాపాడుకున్న స్టాకుతో మళ్లీ మొదలుపెట్టండి. ఆ స్టాకు సిద్ధంగా లేకుండా చేపలచేత గుడ్లు పెట్టించవద్దు.