పరదేశసేవ – చిల్లర వర్తకునికి చేయూత

పరదేశమునకు పోయి బీదలకు సేవ చేయవలెనని తలచువారు అనేకులు కలరు. బడి కట్టుట, నూయి త్రవ్వుట కంటికి కనబడు సేవలు. చిల్లర వర్తకునికి లెక్క నేర్పి, న్యాయమైన వడ్డీకి చిన్న అప్పు ఇప్పించుట కంటికి కనబడదు గాని, అదియు సేవయే. ఇట్టి అప్పునకు సూక్ష్మఋణమని పేరు. ఈ సేవ ఎట్లు సాగినదో, దాని కెట్టి జాగ్రత్త వలయునో తెలిసికొందము.

1961లో జోసెఫ్ బ్లాచ్‌ఫర్డ్ అను అమెరికా యువకుడు ‘ఆక్సియోన్’ అను సంస్థను స్థాపించెను. స్పానిషు భాషలో ఈ మాటకు కార్యమని అర్థము. ముప్పదిమంది స్వచ్ఛంద సేవకులు దక్షిణ అమెరికాలోని వెనిజులా దేశమునకు పోయిరి. అచ్చటివారు తొలుత వారిని నమ్మలేదు. సేవకులు ప్రజలతో కలసిమెలసి, ఏమి కావలెనో వారినే అడిగి, విద్యుత్తు, మురుగు కాలువలు, శిక్షణ కేంద్రములు ఏర్పరచిరి.

పదేండ్లు గడచినవి. దీపము వెలిగినది, కాలువ పారినది. బీదవాని సంపాదన మాత్రము పెరుగలేదు. 1973లో బ్రెజిలు దేశపు రెసీఫె నగరమున ఆ సంస్థవారు చిల్లర వర్తకుల స్థితిని పరిశీలించిరి. కొందరు దినమునకు నూటికి పది వరకు వడ్డీ కట్టుచుండిరి! అంతట సంస్థ చిన్న ఋణములిచ్చుట ఆరంభించి, నాలుగేండ్లలో 885 ఋణము లిచ్చెను.

ఆ వడ్డీ ఎంతటి భారమో మన రూపాయలలో లెక్కింతము. ఉదయము 100 రూపాయలు తెచ్చి సరకు కొని, సాయంకాలమునకు 125కు అమ్మిన స్త్రీకి వడ్డీ పోను మిగులునది 15 రూపాయలే. 300 దినములు ఇట్లు జరిగినచో వడ్డీయే 3,000 రూపాయలగును. అదే నూరు రూపాయలు నెలకు నూటికి రెండు వడ్డీకి దొరికినచో సంవత్సరమునకు 24 రూపాయలు చాలును.

అయినను అప్పొక్కటే మేలు చేయదు. అప్పు చేసి పప్పుకూడు తినుట వేరు, అప్పు చేసి కుట్టుయంత్రము కొనుట వేరు. కావుననే శిక్షణ అవసరము: ఇంటి ఖర్చును, అంగడి పైకమును వేరుపరచుట, ఏనాటి పద్దు ఆనాడే వ్రాయుట, ధర కట్టునపుడు తన కష్టమునకు కూలి చేర్చుట, ఒక అప్పు తీర్చుటకై మరియొక అప్పు చేయకుండుట. ఈ కడపటి నియమము మరచినచో ఏమగునో ఆంధ్రప్రదేశ్ చూచినది. అచ్చట పలు సంస్థలు ఒకే ఇంటికి అప్పుపై అప్పు ఇచ్చి, వసూలుకై నిర్బంధించుచున్నవన్న ఆరోపణలు, ఆత్మహత్యల వార్తలు వచ్చుటచే 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసెను.

కాబట్టి పరదేశమునకు పోవు సేవకుడు నేర్పుటకు ముందు నేర్చుకొనవలెను. అచ్చటి భాష, సంత, పంట, వడ్డీ తెలియనివాడు ఇచ్చు సలహా దారి తెలియనివాడు చూపు దారి వంటిది. అతడు కొన్నాళ్లకు మరలిపోవును. అచ్చటనే ఉండువారికి ఈ విద్య అప్పగించి వచ్చినప్పుడే ఆ సేవ నిలుచును.

విద్యార్థులారా! ఇంట తెలుగు, అంగడిలో తమిళము మాటలాడు మనకు పరాయి భాషలోని ప్రామిసరీ నోటుపై చదువకయే వ్రేలిముద్ర వేయుట ఎంత ప్రమాదమో తెలియును. ఆ కాగితమును చదివి చెప్పగలవారు నేడు మన ఇండ్లలో మీరే. తల్లిదండ్రులారా! ఒక నెల మీ పద్దులు మీ పిల్లలచే వ్రాయింపుడు. పరదేశసేవకు తగిన తొలి అభ్యాసము అదియే.