గడప దగ్గర ఆగి చూడు, అబ్బీ

ఆళ్లగడ్డ

చిరంజీవి అబ్బీకి,

  మీ నాయనకు మోకాళ్ల నొప్పి తగ్గింది, పొద్దున్నే చేనికి పోయి వస్తున్నాడు.

నీ ఉత్తరం చూశాను. అక్కడ జపాన్‌లో మీ ఆఫీసు పెద్దాయన భోజనానికి పిలిస్తే, మరుగుదొడ్డిలో వేసుకునే చెప్పులతోనే భోజనాల గదిలోకి వచ్చేశావని, ఆ ఇల్లాలు తల దించుకుందని, ఎవరూ పల్లెత్తు మాట అనలేదని రాశావు. దానికి నేను బాధపడలేదు. కొత్త ఊళ్లో ఎవరికైనా జరిగేదే. కానీ చివర్లో "వీళ్ల పట్టింపులు నాకు రావు, ఇంక ఎవరింటికీ పోను" అన్నావు చూడు, అది చదివినాక నాకు నిద్ర పట్టలేదు.

పట్టింపులు మనకు లేవా నాయనా? మన గడపకు పసుపు రాసి బొట్లు పెడతాం. దానిమీద కాలు పెడితే మీ జేజి ఊరుకునేదా? జపాన్ వాళ్లు కూడా గడప తొక్కడం తప్పంటారు. వాకిలి దాటగానే పల్లంగా ఉండే చోటును గెన్‌కాన్ అంటారు. బూట్లు అక్కడే విడిచి, మొనలు వీధివైపు తిప్పిపెట్టి, పైకెక్కి లోపలికి పోవాలి. ఇంట్లో తిరిగే చెప్పులు వేరు. గడ్డిచాపలు పరిచిన గదిలోకి అవి కూడా పనికిరావు, ఆ చాపల అంచులు కూడా తొక్కరు. మరుగుదొడ్డి చెప్పులు మరుగుదొడ్డికే. ఇవన్నీ శుభ్రం కోసం, ఇంటి గౌరవం కోసం పెట్టుకున్నవి. ఎవరింటికైనా పోయేటప్పుడు చిరుగుల్లేని సాక్సులు వేసుకో. లేకపోతే కొనుక్కో, డబ్బుకు చూడొద్దు.

ఒక్క జపాన్ మాటే కాదు. థాయ్‌లాండ్‌లో బుద్ధుడి విగ్రహంవైపు కాళ్లు చాపి కూర్చోరు. గల్ఫ్‌కు పోయొచ్చిన మనవాళ్లను అడుగు, అరబ్బుల ఎదుట అరికాలు కనబడేట్టు కూర్చోవద్దని చెబుతారు. నన్నడిగితే, మనిషి ఏపాటి మర్యాదస్తుడో అతని కాళ్లే ముందు చెబుతాయి. నోటిమాట తర్వాత సంగతి.

నేను నంద్యాలలో చదువుకునేటప్పుడు నా స్నేహితురాలు రంజాన్ పండక్కి ఇంటికి పిలిచింది. మీ జేజినాయన పోనిస్తాడో లేదోనని భయపడ్డాను. ఆయన వద్దనలేదు. "ముందు వాళ్లేం చేస్తారో చూడు. తర్వాత నువ్వు చెయ్యి. తెలియకపోతే పెద్దామెను అడుగు" అన్నాడు. నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి చుట్టూ కూర్చున్నారు. దాన్ని దాటకుండా అందరూ పక్కగా తిరిగి పోవడం చూసి నేనూ అట్లే పోయాను. షీర్‌ఖుర్మా పోస్తూ వాళ్లమ్మ నా తల నిమిరింది. నీకంటే చిన్నదాన్ని అప్పుడు. ఆ ఇంటితో రాకపోకలు ఈనాటికీ ఉన్నాయి.

నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తున్న అహోబిలం పారువేట ఉత్సవం ఒకసారి గుర్తు తెచ్చుకో. కనుమ నాడు చెంచుల బాణాలతో అది మొదలవుతుంది. జ్వాలా నరసింహుడు, ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో దిగువ అహోబిలం నుంచి బయలుదేరుతారు. తన పెళ్లికి తానే పిలుచుకుంటూ స్వామి 40 రోజులకు పైగా ఊరూరూ తిరుగుతాడు. గుడిలో ఉండి కబురు పంపితే జనం రారా? అయినా ఆయనే పోతాడు, ఏ ఊరు ఎట్ల ఆదరిస్తే అట్ల అందుకుంటాడు. దేవుడే అట్ల తిరుగుతుంటే, నువ్వు గదిలో తలుపేసుకుని కూర్చుంటానంటే ఎట్ల?

అన్నట్టు, ఎండాకాలం బంగినపల్లి పండ్లు పంపమన్నావు. పార్సిల్‌లో పంపకూడదు కొడుకా. పండు ఈగ భయంతో జపాన్ మన మామిడిని చాలా ఏళ్లు ఆపేసింది. వాళ్లు చెప్పినట్టు వేడి ఆవిరి పట్టడానికి ఒప్పుకున్నాకే, 2006లో మళ్లీ రానిచ్చింది. అంత పేరున్న మన పండే వాళ్ల నియమానికి తలొగ్గింది. దాని తీపి ఏమన్నా తగ్గిందా? నీకు కారప్పొడులు పంపుదామని ఉంది, అక్కడ వేటిని రానిస్తారో కనుక్కుని రాయి.

ఇంకొక్క మాట. తినే పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చొద్దు. చనిపోయినవాళ్లకు పెట్టే అన్నంలోనే అక్కడ అట్ల గుచ్చుతారు. నీ పుల్లలతో ఎదుటివాళ్ల పుల్లలకు ముక్క అందించొద్దు. దహనమయ్యాక అస్థికలను అట్లే అందిపుచ్చుకుంటారు. కర్మలనాటి పని పండగపూట చేస్తే మన ఇంట్లో మాత్రం ఊరుకుంటామా?

వాళ్ల పద్ధతి నేర్చుకుంటే మనది పోతుందని భయపడకు. మన ఇంట్లో బుద్ధిగా పెరిగినవాడికి ఇంకొకరి ఇంటి మర్యాద తొందరగానే పట్టుబడుతుంది. నువ్వు అట్లనే పెరిగావు, అది నాకు తెలుసు.

ఈ ఆదివారం ఏదైనా మిఠాయి పొట్లం తీసుకుని ఆ పెద్దాయన ఇంటికి పో. రెండు చేతులతో ఇచ్చి, "మీ పద్ధతి తెలియక చేశాను, నేర్పండి" అని అడుగు. అట్ల అడిగి వచ్చిన పిల్లవాణ్ని ఏ ఇల్లాలూ కాదనదు. పోయి వచ్చి నాకు ఉత్తరం రాయి.

ఆశీస్సులతో,
మీ అత్త