గాయానికి లెక్క కట్టేదెలా?



దిల్‌సుఖ్‌నగర్‌కు కోచింగ్ కోసం మన హాస్టళ్ళ నుంచి ఎందరో వస్తుంటారు. అక్కడి నుంచి ఎల్.బి.నగర్ దాకా విజయవాడ రహదారిపై బస్సులు, ఆటోలు, లారీల రద్దీ మీకు తెలిసిందే. ఆ ఎల్.బి.నగర్‌లోనే రంగారెడ్డి జిల్లా కోర్టులున్నాయి. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారి తరఫున న్యాయవాది చేసే పని ఏమిటో తెలుసుకుందాం.

"ఆసుపత్రి ఖర్చు ఇస్తే చాలు" అని మన ఇళ్ళలో రాజీ పడుతుంటారు. కాని మోటారు వాహనాల చట్టం, 1988లోని 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు వెళితే వైద్య ఖర్చుతోపాటు పోయిన సంపాదనకు, పడిన బాధకు కూడా పరిహారం అడగవచ్చు.

ఉదాహరణకు, 24 ఏళ్ళ టైల్స్ మేస్త్రీ నెలకు రూ.15,000 సంపాదిస్తున్నాడనుకుందాం. ఎదుటి వాహనం తప్పు వల్ల మోకాలు దెబ్బతిన్నది. లెక్క ఇలా ఉంటుంది:

ఏడాది ఆదాయం: రూ.1,80,000
భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలిపితే (2017 సుప్రీంకోర్టు తీర్పు): రూ.2,52,000
ఆ వయసుకు గుణకం (2009 తీర్పు): 18

డాక్టరు సర్టిఫికెట్‌లో వైకల్యం 30 శాతమే అని ఉంటే, దాన్నే తీసుకున్నప్పుడు వచ్చేది రూ.13,60,800. కాని కూర్చుని వంగలేని మనిషి టైల్స్ ఎలా వేస్తాడు? సంపాదనశక్తి సగం పోయిందని రుజువైతే రూ.22,68,000. శరీర వైకల్యం వేరు, సంపాదన నష్టం వేరు అని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎడమచెయ్యి పోతే గుమాస్తా ఉద్యోగం నిలవవచ్చు, డ్రైవరుకు బతుకుతెరువే పోవచ్చు. డాక్టరును సాక్షిగా పిలిపించి ఈ తేడాను రుజువు చేయడమే న్యాయవాది అసలు పని.

రుజువుకు కాగితాలే ఆధారం. కనుక గుర్తుంచుకోండి:

1. పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసి, ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసుకోవాలి.
2. ప్రతి మందు చీటీ, బిల్లు, ఎక్స్‌రే దాచాలి.
3. కూలి చెల్లింపుల ఆధారాలు, యజమాని ఇచ్చిన కాగితం ఉంచుకోవాలి.
4. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే కేసు వేయాలి. గాయపడినవారు నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు.

ఫీజు సంగతి. "వచ్చినదాంట్లో ఇంత శాతం నాకు" అనే ఒప్పందం అమెరికాలో చెల్లుతుంది. మన దేశంలో బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని నిషేధించాయి. పైగా న్యాయసేవల అధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. అందుకు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేయాలి. ఇది దయ కాదు, హక్కు.

మా ఇంట్లో నేనే మొదటి గ్రాడ్యుయేట్‌ను. మీలో చాలామంది ఇళ్ళలోనూ కాగితం చదివేది మీరే. రాజీ కాగితం మీద నాన్న వేలిముద్ర పడేముందు దాన్ని ఒకసారి చదవండి. చదువు అక్కరకు రావలసింది అక్కడే.