గో-లైవ్ తర్వాత మొదలయ్యే ఉద్యోగాలు

సంస్థలోని ఒప్పందాలు, కొనుగోళ్లు, ఫిర్యాదులు, సిబ్బంది వివరాలను ఒకచోట చేర్చి, అవసరమైనవారికి అవసరమైన వేళ అందించే సాఫ్ట్‌వేర్‌ను సమాచార నిర్వహణ వ్యవస్థ అంటారు. మాదాపూర్ నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరకు విస్తరించిన ఐటీ కారిడార్‌లో ఇలాంటి వ్యవస్థలను రూపొందించే సంస్థలూ, వాటిని ఇతరుల కార్యాలయాల్లో నెలకొల్పే సంస్థలూ అనేకం ఉన్నాయి. అయితే నెలకొల్పిన వ్యవస్థను ఉద్యోగులు నిజంగా వాడేలా చేయడం కోడింగ్‌కు భిన్నమైన నైపుణ్యమనీ, ‘చేంజ్ మేనేజ్‌మెంట్’ పేరుతో దానికి ప్రత్యేక కొలువులు ఉన్నాయనీ చాలామంది విద్యార్థుల దృష్టికి రావడం లేదు.

ఈ నైపుణ్యం ఎందుకు అవసరమో చెప్పే బలమైన ఉదాహరణ తెలుగునేల మీదే ఉంది. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998 నవంబరులోనే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రిజిస్ట్రేషన్ శాఖను కంప్యూటరీకరించే ‘కార్డ్’ పథకాన్ని రెండు వందలకు పైగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో ప్రవేశపెట్టింది. ఐఏఎస్ అధికారి జె.సత్యనారాయణ సారథ్యంలో రూపుదిద్దుకున్న ఈ పథకం, దస్తావేజులను చేతితో పుస్తకాల్లోకి ఎక్కించే పద్ధతికి స్వస్తి పలికి, ఆస్తిపై జరిగిన లావాదేవీలను తెలిపే ఈసీని నిమిషాల్లో ఇవ్వడానికి వీలు కల్పించింది. అయినా, ప్రజలు దస్తావేజు లేఖరుల మీద ఆధారపడటం గానీ, అనధికార చెల్లింపులు గానీ ఆగలేదని పరిశోధకుడు జొనాథన్ కేస్లీ 2004లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వాదించారు. ఆ వాదనలోని తీవ్రతను అంగీకరించనివారు సైతం గమనించవలసిన విషయం ఒకటుంది: కౌంటర్ మీద కంప్యూటర్ వచ్చినంత మాత్రాన కౌంటర్‌కు ఇరువైపులా ఉన్నవారి అలవాట్లూ, లాభనష్టాలూ మారవు.

ఉద్యోగుల విముఖతను అజ్ఞానంగా కొట్టిపారేయడం ఈ రంగంలో అతి పెద్ద పొరపాటు. ఒక సాంకేతికత తన పనికి ఉపయోగపడుతుందన్న నమ్మకం, దాన్ని వాడటం తేలికన్న భావన కలిసి వాడకాన్ని నిర్ణయిస్తాయని ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రతిపాదించారు. దీనినే సాంకేతిక అంగీకార నమూనా అంటారు. అకౌంట్స్ విభాగంలోని గుమస్తా ప్రతి బిల్లుకూ అదనపు వివరాలు నింపవలసి వచ్చి, ఆ శ్రమ ఫలితం పైఅధికారి నివేదికలో మాత్రమే కనిపిస్తే, అతడు పాత ఎక్సెల్ షీటును చాటుగా కొనసాగించడం సహజమే. ఏ కాగితం ఎక్కడుందో తనకొక్కడికే తెలియడం వల్ల గౌరవం పొందుతున్న సీనియర్‌కు, అందరికీ అన్నీ కనిపించే తెర ఒక నష్టమే. ఇటువంటి కారణాలను తరచి తెలుసుకోకుండా శిక్షణ తరగతులు పెంచడం వృథా ప్రయాస.

కొలువులు ఈ అవసరం చుట్టూనే ఏర్పడ్డాయి. వ్యవస్థ రాకముందే ఉద్యోగుల పని తీరును పరిశీలించి అవసరాలను రాసేవారు బిజినెస్ అనలిస్టులు. వాడబోయేవారి చేతనే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షింపజేసే దశను యూఏటీ అనీ, వ్యవస్థ అసలు వాడుకలోకి వచ్చే రోజును గో-లైవ్ అనీ, ఆ వెంటనే కొన్ని వారాలు సిబ్బంది పక్కనే ఉండి సందేహాలు తీర్చే దశను హైపర్‌కేర్ అనీ అంటారు. శిక్షకులు, టెక్నికల్ రైటర్లు, ప్రతి విభాగంలో తోటివారికి సాయపడే ‘సూపర్ యూజర్లు’ ఈ దశల్లో కీలకం. ఎంతమంది లాగిన్ అయ్యారన్న లెక్క కన్నా, ఎంత పని పాత దారిలో జరుగుతోందన్న లెక్కే విజయానికి సరైన కొలత.

ఈ దారిలోకి రావడానికి ఇంజినీరింగ్ పట్టా తప్పనిసరి కాదు. బిల్లు, స్టాకు, వేతనాల లెక్క తెలిసిన బీకాం పట్టభద్రులకు నిజానికి కొంత ముందంజ ఉంటుంది. సేల్స్‌ఫోర్స్ సంస్థ ట్రైల్‌హెడ్, మైక్రోసాఫ్ట్ లెర్న్ వేదికల్లో ఉచితంగా నేర్చుకోవచ్చు. బిజినెస్ అనాలసిస్‌లో అడుగుపెట్టేవారి కోసం ఐఐబీఏ సంస్థ ఈసీబీఏ ధ్రువపత్రం ఇస్తోంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ ‘టాస్క్’ విద్యార్థులకు నైపుణ్య శిక్షణ ఇస్తోంది. వీటికి తోడు కళాశాల గ్రంథాలయంలోనో, తెలిసినవారి దుకాణంలోనో వాడుతున్న సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకుని, సిబ్బంది ఎక్కడ తడబడుతున్నారో అనుమతితో గమనించి, ఒక పేజీ తెలుగు మార్గదర్శిని రాసి, దాన్ని వాడిన తర్వాత ఏం మారిందో నమోదు చేసుకోవాలి. ఇంటర్వ్యూలో అనుభవం గురించి అడిగినప్పుడు ఫ్రెషర్ చూపగల గట్టి ఆధారం ఆ నమోదే.